ఏడో అధ్యాయంలో రాణి గుర్రం దిగింది

మామిడి కాలంలో రాయకూడదనుకుంటా ప్రతి ఏడూ.
జూన్ అంతా తోతాపురి జిగురు
వేళ్ళ సందుల్లోంచి పోదు, పెన్ను జారిపోతుంది.
మురకంబట్టు దాటినాక ఉండే గుజ్జు ఫ్యాక్టరీలో
రాత్రి షిఫ్టు హాజరు వేసేది నేనే.
ఆ రిజిస్టరు వెనక పేజీల్లోనే
మూడు రాజ్యాలు పుట్టినాయి,
రెండు కూలిపోయినాయి,
ఒకటి అచ్చయింది.

చదివినోళ్ళు అడిగేది ఒకటే:
"ఆడోళ్ళే రాజ్యమేలితే మగోళ్ళేం చేస్తారు మేడం?"
సంగటి కెలుకుతారు, యుద్ధానికి పోతారు,
బిడ్డల్ని చంకనేసుకుంటారు, చచ్చిపోతారు,
అప్పుడప్పుడూ బాగానే పాడతారు.
ఇందులో మాయ ఏముందో
నాకే అర్థం కాదు.

మా ఆయన టమోటా లారీ తోలుతాడు.
మదనపల్లి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటా అడిగినాడు,
"దాంట్లో నేనుండానా?"
రెండో అధ్యాయంలో కంచరగాడిదలు తోలేది నువ్వే అంటి.
"చివరిదాకా బతికుంటానా?"
ఇంకా రాయలేదు అంటి.
ఆ పూట కూర బాగుందన్నాడు రెండుసార్లు.

విజయవాడ నుంచి అచ్చేసే ఆయన ఫోను:
"అట్ట మీద రాణిగారికి నడుం కాస్త సన్నం చేయించామండి."
నా రాణి నలుగుర్ని కన్న మనిషి.
కత్తి ఎడమ చేత్తో తిప్పుతుంది.
కుడి భుజం చిన్నప్పుడు విరిగితే
పుత్తూరు కట్టు కట్టించినాను.
ఊరి పేరు మార్చినాను గానీ కట్టు అదే,
కోడిగుడ్డు తెల్లసొన, ఆకు పసరు, వెదురు బద్దలు.
అతుక్కుంది. చలికాలం సలుపుతుంది.
అక్కడిదాకా ఆయన చదవలేదు.

దేశమ్మది గంగాధరనెల్లూరు పక్క పల్లె.
బెల్టు మీద కుళ్ళిన కాయలు ఏరుతుంది.
తొమ్మిదో తరగతి కూతురి చేత
రోజుకు నాలుగు పేజీలు చదివించుకునిందంట.
తెల్లవారుజామున మూడింటికి, టీ తాగే వేళ
నా టేబులు కాడికొచ్చి నిలబడింది.
"కత బాగుండాది మే.
ఆ రాణి మూడు పగళ్ళు, మూడు రాత్రులు
గుర్రం దిగనే లేదంటివే,
మరి ఒంటికి యాడికి పోయింది?"

బెల్టు కాడ ఆడోళ్ళంతా నవ్వినారు.
నేనూ నవ్వినాను.
దేశమ్మ నవ్వలేదు.

మా ఫ్యాక్టరీలో ఆడోళ్ళ మరుగుదొడ్డికి తాళం.
తాళంచెవి సూపర్వైజరు జేబులో.
అడగడానికి సిగ్గుపడి
సాయంత్రం ఆరు నుంచి గుక్కెడు నీళ్ళు తాగరు ఎవరూ.
టన్నుల కొద్దీ రసం కళ్ళ ముందర పారుతుంటే
పెదాలు ఎండి, పగిలి.
ఏడేళ్ళుగా నాకు తెలుసు ఈ సంగతి.
హాజరు పట్టీలో దీనికి గడి లేదు.
నా రాజ్యంలోనూ లేదు.

అక్కడ మాట్లాడే డేగలుండాయి.
శత్రువు నీడను మడిచి పెట్టెలో పెట్టే ముసలామె ఉంది.
నీవా నది ఏడాది పొడుగునా పారుతుంది.
అంత పెద్ద అబద్ధం రాయగలిగినదాన్ని
ఒక చాటు రాయలేకపోయినాను.

తెల్లారి ఇంటికొచ్చి, పడుకోకుండా
ఏడో అధ్యాయం తీసినాను.
ఏటికి ఆ పక్క శత్రువులు. బాకాలు. దుమ్ము.
రాణి గుర్రం దిగింది.
ఆగండి, అంది సేనతో.
నలుగురు ఆడోళ్ళు చుట్టూ కొంగులు అడ్డం పట్టినారు.
యుద్ధం కాసేపు ఆగింది.
ఏ మంత్రమూ పట్టలేదు దానికి.
మొత్తం పదకొండు పంక్తులు.
అచ్చేసే ఆయన కొట్టేస్తాడేమో,
కొట్టేస్తే రాతప్రతి వెనక్కి పంపమంటాను.

ఈ రాత్రి రిజిస్టరు తెరిచి
స్కేలు పెట్టి కొత్తగా ఒక గడి గీసినాను.
దాని తల మీద ఏం పేరు రాయాలో తోచలేదు.
పెన్ను మూసేసి లేచి
కుండలోంచి చెంబు నిండా ముంచుకొని
గటగటా తాగేసినాను,
దేశమ్మ చూస్తా ఉండగానే.

ఇంక అడక్క తప్పదు.